సంభాషణ ధర్మము



ఈ సాయంకాలము ఉపాసనానంతరమున నన్ను ధర్మోపన్యాసము చేయుమని మీరు కోరితిరి. ఉపన్యాసము చేయువాడు నిలుచుండును, వినువారు కూర్చుందురు. ఒకడు చెప్పును, తక్కినవారు తలయూతురు. ఇరువది సంవత్సరములుగ న్యాయస్థానములో నిలుచుండి మాటలాడుట నాకు వృత్తియగుటచే ఈ పద్ధతి నాకు మిక్కిలి సులభమైనది. అందుచేతనే దానిని నేను కొంత శంకించుచున్నాను. జగత్తునకు కర్త గలడా, ఆత్మ యనునది గలదా, ప్రార్థనవలన ప్రయోజనమేమి, ప్రకృతిశాస్త్రము చెప్పుదానికిని ధర్మము చెప్పుదానికిని పొత్తు కుదురునా యను పెద్ద ప్రశ్నలను ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగ కూర్చుండి విచారించునప్పుడు పాటింపదగిన ధర్మ మొకటి గలదు. దానిని నేను మిక్కిలి ఆలస్యముగ నేర్చుకొంటిని. నేర్చుకొనుటకు పూర్వ మొక తప్పు చేసితిని. ముందుగ దానినే మీకు విన్నవించెదను.

మన యూరిలో నాకొక మిత్రుడు గలడు. ఆయన పేరు చెప్పను. పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించువాడు. దైవమునందు విశ్వాసము లేనివాడు. లేదను సంగతిని దాచుకొననివాడు. పండ్రెండేండ్లుగ ప్రతి ఆదివారము ప్రాతఃకాలమున మేమిద్దరము రైలుస్టేషనువద్ద కలిసికొని, గోదావరి కాలువగట్టు వెంబడి నడచి, భీమేశ్వరాలయపు ప్రాకారము చుట్టి యిండ్లకు మరలుచుండెడివారము. ఆ నడకలలో ఆయన చెప్పిన సంగతులు నేను చదివిన గ్రంథములకంటె నాకెక్కువ మేలు చేసినవి.

మచ్చునకొకటి చెప్పెదను. 1868 వ సంవత్సరము ఆగష్టు 18 వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగుదేశము మీదుగ పోయెను. ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరులో పరికరములు నిలిపి కాచుకొని యుండెను. మనవారు పట్టుస్నానములును జపములును చేయుచున్న ఆ గడియలలో ఆయన సూర్యుని యంచునుండి లేచు జ్వాలల వెలుగును రంగులుగ విడదీసి చూచెను. అవి మండు వాయువులని తేలెను. ఆ మఱునాడే, గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూచు నుపాయమునుగూడ ఆయన కనుగొనెను. ఆ సంవత్సరముననే సూర్యకాంతిలో ఒక పసుపుపచ్చని గీత పరిశీలకుల కంటబడెను. సోడియము గీత యనుకొనిరి. కొలిచి చూడగా కాదని తేలెను. భూమిమీద నెవ్వరు నెఱుగని మూలపదార్థ మేదో సూర్యునియందున్నదని లాకియరను ఆంగ్లేయు డూహించెను; దానికి హీలియమను పేరు వచ్చెను. చాలమంది నమ్మలేదు. 1895 లో రామ్సే యను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక ఖనిజమునుండి ఆ వాయువునే వెలికి తీసెను.

"ఇరువది యేడేండ్లు ఆ ప్రశ్న ప్రశ్నగనే నిలిచినది, ప్లీడరుగారూ! తెలియదని యొప్పుకొని యంతకాలము కాచుకొనిరి. మీ దేవుని విషయమున మీవారు ఒక్క దినమైన నట్లు కాచుకొందురా?" అని నా మిత్రుడు నవ్వెడివాడు. 2023 సెప్టెంబరు 2 వ తేదీని సూర్యుని పరిశీలించుటకై ఆదిత్య-ఎల్ 1 శ్రీహరికోటనుండి బయలుదేరినప్పుడు ఆయన పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని ఈ గుంటూరు కథను చెప్పెను. వారిలో ఆయన కుమార్తెయు నుండెను.

ఆ మఱుసటి వర్షకాలమున ఆ బాలిక జ్వరము వచ్చి అయిదవ దినమున మరణించెను. తొమ్మిదేండ్ల పిల్ల.

పండ్రెండు దినములు గడచిన తరువాతి ఆదివారమున ఆయన యథాప్రకారము కాలువగట్టునకు వచ్చెను. రాడని నేననుకొంటిని. చాలదూరము మాటలేక నడచితిమి. లాకులవద్ద నిలిచి, నీళ్ళవైపు చూచుచు, "మీరు ప్రతిదినము ప్రార్థన చేయుదురు గదా. నా భార్య నన్నొక ప్రశ్న యడుగుచున్నది. బిడ్డ యెక్కడ నున్నదని. నేనేమి చెప్పవలెను?" అని యడిగెను.

సోదరులారా, నేను బదులు చెప్పితిని. ఆత్మ నిత్యమనియు, దేహము దానికి గృహమువంటిదనియు, ప్రకృతినియమములు పక్షపాతము లేనివనియు, ఆ నియమములకు కర్తయైనవాడు దయామయుడనియు వరుసగ నిరూపించితిని. ఆయన రెండు మూడు ఆక్షేపణలు చేసెను. నేను అడ్డుప్రశ్నలు వేసితిని. తుదకు, "ఆత్మ లేదన్నచో ఎక్కడ నున్నదను ప్రశ్నకే అర్థము లేదు. ఆ ప్రశ్న నడుగుటచేతనే మీరు నా పక్షమును ఒప్పుకొనుచున్నారు" అంటిని. కోర్టులో నైనచో అది చక్కని యెత్తు. ఆయన నా ముఖము చూచి యూరకుండెను. వచ్చిన ఆదివారము నడకకు రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు. నేను గెలిచితినని కొన్ని దినములు నిజముగనే యనుకొంటిని. మొఱకుదనమునకైనను ఒక మేర యుండవలెను గదా!

ఆ ఒంటరి ఆదివారములలో నేను మన ప్రాచీన గ్రంథములను మరల తెఱచితిని. నాకు జరిగినదానికి పేరు వానిలో దొరకెను. గౌతముని న్యాయసూత్రములలో, ఇద్దరు కలిసి చేయు విచారమునకు కథయని పేరు. అది మూడు తెఱగులు. సత్యమును తెలిసికొనగోరి ప్రమాణముతోను తర్కముతోను చేయునది వాదము. గెలుపే ప్రయోజనముగ, మాటల మోసమునకైనను వెనుదీయక చేయునది జల్పము. తనకంటు ఒక పక్షము లేకయే ఎదుటివాని పక్షమును పడగొట్టుట వితండ. మన వాడుకలో వితండవాదమను మాట మిగిలినది గాని జల్పమను మాట మఱుగునపడెను. బహుశః అది మన యందఱ నిత్యకృత్యమగుటచే దానికి ప్రత్యేకముగ పేరక్కఱలేకపోయెను గాబోలు.

ఆ సూత్రములే వాద మెవరితో చేయదగునో చెప్పుచున్నవి: గురువుతో, శిష్యునితో, సహాధ్యాయితో, శ్రేయస్సును కోరి యసూయలేక వచ్చినవానితో. అంతియకాదు, తెలిసికొనవలెనను కోరిక గలవాడు తన పక్షమును నిలువబెట్టకయే విచారమునకు కూర్చుండవచ్చునని గూడ అందు గలదు. ఇది చదివినప్పుడు నాకు సిగ్గు కలిగెను. పక్షము లేనిదే నోరు విప్పని వృత్తి నాది. వకాలతునామా దాఖలు చేయక సత్యముముందు నిలుచుండుట యెట్లో నేను నేర్వలేదు. చరకసంహితలోను ఇట్టి భేదమే గలదు. వైద్యులు స్నేహముతో కూడి చేయు సంభాషణము వేఱు, కలహించి చేయు సంభాషణము వేఱు. మొదటిదానియందు ఓడిపోవుదునని భయపడరాదు, ఓడించితినని సంతోషింపరాదు. రోగి ప్రాణముతో పనిగలవారు గనుక వారికీ నియమము ముందుగ తెలిసియుండును.

అట్లని జల్పము కేవలము నింద్యమని నేననను. మొలకను పశువులు మేయకుండ ముళ్ళకొమ్మలతో కంచె వేసినట్లు, నిశ్చయమైన తత్త్వమును కాపాడుటకు జల్పవితండలు ఉపయోగించునని న్యాయసూత్రములే యొప్పుకొనుచున్నవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో వివేకవర్ధనిని స్థాపించి, 1881 లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము చేయించునాటికి ఎందఱితోనో కలముతో పోరాడవలసివచ్చెను. ఆ పరిహాసములు, ఆ యెత్తిపొడుపులు లేకున్నచో ఆ మొలకను పశువులు మేసియుండును. కాని కంచెను చూచి పంటయని భ్రమించువాడు రైతు కాడు. నా మిత్రుడు కాలువగట్టుమీద నన్ను ప్రశ్న యడిగిన దినమున నేను ముళ్ళకొమ్మను చేతబట్టుకొని యుంటిని.

ఉపనిషత్తులనుగూర్చి మీకు చెప్పనక్కఱలేదు. అవి చాలవఱకు సంభాషణములే. ఐనను రెండు ఘట్టముల నీ సందర్భమున స్మరింతును. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలతో పిప్పలాదునివద్దకు పోయిరి. ఆ ఋషి వారినొక సంవత్సరము తనయొద్ద నివసింపుమనెను. ఆ పైని ప్రశ్నలడుగవచ్చుననియు, తనకు తెలిసినచో చెప్పెదననియు పలికెను. తెలిసినచో! అంతటివాడు ఆ షరతు పెట్టెను. బృహదారణ్యకములో జనకుని సభయందు గార్గి ప్రశ్నమీద ప్రశ్న వేయగా, మితిమీరి యడిగినచో తల తెగిపడునని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. యాజ్ఞవల్క్యునియందు నాకు గౌరవము మెండు. ఐనను బెదిరింపు ప్రమాణము గాదు. ఆ ఘట్టమునందు నాకు ప్రియమైనది, ఒకసారి యూరకుండిన గార్గి మరల లేచి, సభవారి యనుమతిగొని, ఇంకను రెండు ప్రశ్నలడుగుట. ఈసారి యాజ్ఞవల్క్యుడు తలమాట యెత్తక బదులు చెప్పెను. అక్షరతత్త్వమును గూర్చిన యుత్తమమైన బోధ ఆ రెండవసారి లేచినందువలననే మనకు దక్కినది.

మన సమాజముమాట కేమి? రాజా రామమోహనరాయలవారు కలకత్తాలో ఆత్మీయసభను స్థాపించినది 1815 లో. బ్రహ్మసభ 1828 లో గాని పుట్టలేదు. అనగా మందిరమునకును, ఉపాసనావిధికిని, ఉపదేశకునికిని పదుమూడేండ్లు ముందుగనే కొందఱు మిత్రులు ఒకచోట కూడి చదువుకొనుచు, తర్కించుకొనుచు నుండిరి. తరువాతి కాలమున దేవేంద్రనాథ ఠాకూరు మహర్షి 1839 లో తత్త్వబోధినీసభను నెలకొల్పి, 1843 లో ఆరంభమైన తత్త్వబోధినీ పత్రికకు అక్షయకుమార దత్తుగారిని సంపాదకునిగ నియమించిరి. మహర్షి భక్తుడు, దత్తు యుక్తివాది. వేదము దోషరహితమైన ప్రమాణమని సమాజమువారు నమ్మిన దినములవి. కాదని దత్తుగారు వాదించిరి. మహర్షి ఆయనను తొలగింపలేదు. ఆయన నోరు మూయింపలేదు. వేదమునందేమున్నదో చూతమని నలుగురు యువకులను కాశికి పంపి నాలుగు వేదములు చదివించిరి. 1847 లో స్వయముగ కాశికి పోయిరి. సుమారు 1850 నాటికి వేదము ప్రమాదరహితమను మాటను సమాజము విడిచిపెట్టెను. దత్తుగారు 1855 వఱకు ఆ పత్రికను నడపిరి. మన మతము తన సొంత యింట ఒక వాదమున ఓడిపోయి బ్రదికిన మతము. ఈ సంగతి మనవారిలో చాలమందికి తెలియదు. తెలిసినవారు గర్వముగ చెప్పుకొనరు. ఎందుకో నాకర్థము గాదు.

ఆ దత్తుగారే ప్రార్థననుగూర్చి ఒక లెక్క వేసిరి. కృషీవలుడు కష్టపడిన పంట వచ్చును. కష్టపడి ప్రార్థించినను పంటయే వచ్చును. కనుక, బీజగణితరీతిని చూచినచో, ప్రార్థన విలువ సున్న. ఈ లెక్కను నా మిత్రుడు నాకు పలుమాఱులు వినిపించెను. వినిపించినప్పుడెల్ల సామర్లకోట చెఱకు కథను దానికి జతచేయువాడు.

ఆ కథ యిది. పందొమ్మిదవ శతాబ్దాంతమున గోదావరి మండలపు చెఱకుతోటలకు ఎఱ్ఱకుళ్ళు తెగులు సోకెను. పైకి గడ బాగుగనే యుండును. చీల్చి చూచిన లోపల ఎఱుపు, ఆ యెఱుపునడుమ అడ్డముగ తెల్లని మచ్చలు, పులిసిన వాసన. తోటలకు తోటలే నశించెను. మద్రాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు దానిని పరిశీలించెను. 1902 లో మన యూరనే వ్యవసాయ పరిశోధనక్షేత్రము వెలసెను. కారణము కంటికానని యొక శిలీంధ్రము. అది తెగులుసోకిన ముచ్చెలతో క్రొత్తతోటకు ప్రాకును. ఆరోగ్యమైన ముచ్చెలను ఏరి నాటుట, తెగులును తట్టుకొను రకములను పెంచుట, ఇవియే మార్గములు. అమ్మవారికి మ్రొక్కిన రైతు తోటయైనను మ్రొక్కని రైతు తోటయైనను, చెడిన ముచ్చె నాటినచో ఒక్కతీరుననే చెడును.

దత్తుగారి లెక్క పంటవిషయమున తప్పులేనిదని నేనొప్పుకొందును. పంటకొఱకు చేయు ప్రార్థన బేరము. దానిని మన పెద్దలే త్రోసివేసిరి. "కాని సమీకరణమునకు కుడివైపున దత్తుగారు పంటను వ్రాసిరి, రైతును వ్రాయలేదు. ప్రార్థన చేలోని మన్నును మార్చదు, చేను చూచువానిని మార్చును" అని నేను చెప్పుచుంటిని. "మనుష్యుని మార్చుటకు మంచి మిత్రుడు చాలడా?" అని ఆయన యడుగువాడు. ఆ ప్రశ్నకు నావద్ద బదులు లేదు. దానిని దాటవేయుటకు మాత్రము నాలుగు త్రోవలు తెలియును.

ఇక, మనకు మిక్కిలి దగ్గఱలో, పది మైళ్ళలోపునున్న కాకినాడలో జరిగిన సంగతి. పిఠాపురము రాజావారి కళాశాలకు 1919 వఱకు బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రిన్సిపాలుగ నుండిరి. ఏకేశ్వరోపాసన యీ సీమయందు వేరూనుటకు వారి జీవితమే కారణము. వారు విడిచిన తరువాత కొన్నేండ్లకు ఆ కళాశాలలోనే గోపరాజు రామచంద్రరావుగారు, గోరాయని లోకమెఱిగినవారు, వృక్షశాస్త్రమును బోధించిరి. దేవుడు లేడను తమ యభిప్రాయమును దాచనందున 1933 లో వారు ఆ యుద్యోగమును కోల్పోయిరి. మహర్షి దత్తుగారిని పత్రికనుండి తొలగింపలేదని యిప్పుడే చెప్పితిని. ఎనుబదియేండ్ల తరువాత మన వాకిట జరిగినది వేఱు. మనవారు దానిని కొంత తలవంచుకొనియే తలచుకొనవలెను.

గోరాగారితో సంభాషింపగలిగినవాడు ఒక పరమభక్తుడు. 1944 లో గోరాగారు సేవాగ్రామమునకు పోయి గాంధీమహాత్మునితో మాటలాడిరి. గాంధీగారు ఆయనకు మతబోధ చేయలేదు. నాస్తికత్వమనగా మీ యభిప్రాయమేమని యడిగి వినిరి. గోరాగారు 1943 నాటి వంగదేశపు కఱవులో తాము కలకత్తాయందు చూచినదానిని చెప్పిరి. మిఠాయిదుకాణముల యెదుటనే ఆకలితో జనులు కూలి చనిపోయిరనియు, తమ గతి దైవాధీనమను నమ్మకమే వారి చేతులను కట్టివేసినదనియు వారి యభిప్రాయము. దీనికి ఖండనము వ్రాయగల పండితులు మనలో నూర్గురుందురు. గాంధీగారు ఖండింపలేదు. తన ఆస్తికత్వము ఒప్పనియు గోరాగారి నాస్తికత్వము తప్పనియు తాను చెప్పజాలననియు, ఇద్దరును సత్యాన్వేషకులే యనియు వారి భావము. ఊరక మర్యాదకొఱకు పలికిన పలుకు గాదది. గోరాగారి కుమార్తెను హరిజన యువకున కిచ్చి సేవాగ్రామములో వివాహము చేయుటకు గాంధీగారు సమ్మతించి, ఆ నాస్తికుల మనస్సు నొవ్వకుండ ప్రమాణమునందు దేవుని పేరునకు మాఱుగ సత్యము పేరు నిలుపుట కొప్పుకొనిరి. 1948 జనవరి 30 వ తేదీని వారు హతులైరి. ఆ వివాహము మార్చిలో ఆ ఆశ్రమమందే జరిగెను.

దేవుడే సత్యమనుట మాని సత్యమే దేవుడని చెప్పుటకు తాను వచ్చిన త్రోవను గాంధీగారు 1931 లోనే స్విట్జర్లాండులోని లోజాను పట్టణమున వివరించియుండిరి. నాస్తికులుగూడ సత్యమును కాదనరనుట ఆ కారణములలో నొకటి. తన విశ్వాసమునకు వాకిలి ఎంత వెడల్పుగ నుండవలెనో ఆయన ఎదుటివానిని చూచి కొలుచుకొనెను. అందువలన ఆయన భక్తి చిన్నదాయెనా? దీనిని మీరు మీ యిండ్ల చర్చింపుడు.

విశ్వాసి ఎవడు, సంశయాత్ముడు ఎవడను విషయమునందే మనము తఱచు పొరబడుదుము. 1930 జూలై 14 వ తేదీని బెర్లినునకు సమీపమున కాపుతు గ్రామమందలి తన యింట ఐన్‌స్టీను పండితుడు రవీంద్రనాథ ఠాకూరుగారితో సంభాషించెను. సత్యము మానవుని మనస్సుతో సంబంధము లేక నిలుచునా యను ప్రశ్న వచ్చెను. మహర్షి కుమారుడైన కవి, మనము తెలిసికొనగల సత్యమంతయు మానవసత్యమే యనెను. శాస్త్రజ్ఞుడు ఒప్పుకొనలేదు. ఇంట నెవ్వరు లేకున్నను బల్ల యున్నచోటనే యుండునుగదా, సత్యమును అట్టిదే యని వాదించెను. నిరూపింపగలరా యన్నచో, లేదు, ఇది నా విశ్వాసము అనెను. అట్లయినచో కవికంటె తానే యెక్కువ మతాభినివేశము గలవాడనని శాస్త్రజ్ఞుడు తానే చమత్కరించెను. నేనీ సంభాషణము చదివినప్పుడెల్ల, గోచీ బిగించుకొని బరిలోనికి దిగిన యిద్దరు మల్లులు తెలియకయే స్థలములు మార్చుకొన్నట్లు తోచును.

ఆ ప్రశ్న అక్కడ ముగియలేదు. 1964 లో బెల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దానిలో కొంత భాగమును ప్రయోగశాలలో పరీక్షింపదగినదిగ మలచెను. ఆ ప్రయోగములు చేసిన ముగ్గురికి 2022 లో నోబెలు బహుమానము వచ్చెను. ఫలితములు ఐన్‌స్టీను ఆశించినరీతిని లేవు. అంతమాత్రమున ఠాకూరుగారు గెలిచిరనుట సాహసము. శాస్త్రజ్ఞులే దాని యర్థమునుగూర్చి యింకను వాదించుకొనుచున్నారు. మన భీమేశ్వరాలయములో తెల్లని రాతి లింగము క్రిందియంతస్తునుండి పైయంతస్తునకు చొచ్చుకొనిపోయి యున్నది. క్రిందినున్నవారికి పాదభాగము, పైనున్నవారికి శిరోభాగము కనబడును. నేను నిరాకారోపాసకుడను, లింగమునకు మ్రొక్కను. ఐనను ఆ మెట్లెక్కి దిగుచు, రెండంతస్తులవారు తాము చూచినదానిని ఒకరికొకరు చెప్పుకొనవలసినదే గదా యని యనుకొందును. "మెట్లు ఎవరు కట్టవలెను?" అని నా మిత్రు డొకసారి యడిగెను.

ఆ మెట్లు కట్టవలసినవాడను నేనేయని తెలిసికొనుటకు రెండునెలలు పట్టెను. ఒక సాయంకాలము ఆయన యింటికి పోతిని. ఆయన వాకిటనే కూర్చుండి యుండెను. లేచి పలుకరించెను గాని మాట ముందుకు సాగలేదు. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి యిచ్చి, లోనికి పోక గుమ్మమువద్దనే నిలిచెను. ఆమె నన్ను అన్నయ్యగారని పిలుచును. "అన్నయ్యగారూ, వారు మిమ్మల్ని అడిగిరట గదా" అనెను.

సాక్షి తాను చూచినదానిని, వినినదానిని, ఊహించినదానిని వేఱుపఱచి చెప్పవలెనని నేను నిత్యము కోర్టులో గద్దించువాడను. ఆ దినమున నేను సాక్షిగ నిలుచుంటిని. "నాకు తెలియదమ్మా. నేను నమ్మునది ఒకటి గలదు. అది తెలిసినది గాదు. ఆ నాడు తెలిసినట్లు మాటలాడితిని. అది తప్పు" అంటిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత చెప్పినది నేను మఱువజాలను. "మీకు తెలియదని నాకు తెలియును. వీరికిని తెలియదని యెఱుగుదును. బదులు కొఱకు నేనడుగలేదు. దాని పేరు ఈ యింట ఎవరును పలుకుటలేదు. ఎవరైన పలుకుదురేమోయని యడిగితిని."

పండ్రెండేండ్లు పెద్ద ప్రశ్నలను చర్చించిన ఇద్దరు పురుషులము, ఆత్మ గలదని ఒకడు, లేదని ఒకడు, ఆ ప్రశ్నలోనున్న చిన్న ప్రశ్నను వినలేకపోతిమి. నా మిత్రుడు తలవంచుకొనెను. నేను ఆ బిడ్డ పేరు పలికితిని. అప్పుడామె లోనికి పోయి ఆ బాలిక వ్రాతపుస్తకమును తెచ్చెను. ఒక పుటలో సూర్యుడు, రంగుల చారలు, వానినడుమ పసుపుపచ్చని గీత. క్రింద గుంటూరు అని వ్రాసియున్నది. దీపములు పెట్టిన తరువాతను మేము ముగ్గురము ఆ బిడ్డనుగూర్చియే మాటలాడితిమి. దైవముమాట ఎవ్వరు నెత్తలేదు. నా జీవితములో నేను చేసిన ఉపాసనలను లెక్కించునప్పుడు ఆ సాయంకాలమునుగూడ లెక్కించుకొనుచున్నాను. నా మిత్రుడు దీనికి అభ్యంతరము చెప్పును.

ఆదివారపు నడక మరల సాగుచున్నది. ఇప్పుడు ముగ్గురము నడచుచున్నాము. ఆమె ప్రశ్నలు మా ప్రశ్నలకంటె తిన్ననివి. నా మిత్రుని యభిప్రాయము మాఱలేదు. నాదియు మాఱలేదు. ఐనను, నేనిప్పుడు నమ్మునది యేదో, ఎఱుగునది యేదో వేఱుపఱచి చెప్పుటకు ప్రయత్నించుచున్నాను, తఱచు తప్పుచున్నాను. గడచిన ఆదివారము లాకులవద్ద ఆయన దత్తుగారి లెక్కను మరల తెచ్చెను. "కుడివైపున రైతును వ్రాయలేదని మీరు తప్పు పట్టితిరి గదా. ఎడమవైపునగూడ ఒకటి విడిచిపెట్టినారు" అనెను. ఏది యని యడిగితిని. చెప్పలేదు. ఆమె నవ్వి, "మీరిద్దరు వారమంతయు ఆలోచింపుడు. నాకు తెలిసినది, వచ్చు ఆదివారము చెప్పెదను" అనెను.